మా నడవలో పొలిమేర

మా ఇంటికి తాళం వేసుకుని మమ్మల్నే బయటికి పొమ్మని చెప్పడానికి ముగ్గురు వచ్చారు. అదీ ఎంతో మర్యాదగా! జనార్ధన్ గేటు దగ్గరే చెప్పులు విప్పాడు. ముసలి బక్కయ్య తలరుమాలు సర్ది చుట్టుకున్నాడు. వాళ్ళ వెనక కర్ర పొడుచుకుంటూ వచ్చిన బుచ్చవ్వ మాత్రం నా గులాబీ మొక్క దగ్గర ఆగి, "దీనికింత పెంట ఎయ్యరాదు? ఎండిపోబట్టె," అంది, వచ్చిన పని అదే అయినట్టు.

"వచ్చే గురువారం ఊళ్ళె బొడ్రాయి పండుగ పెట్టుకున్నమమ్మా," అన్నాడు జనార్ధన్. "పొద్దుగాల ఊరి సుట్టు పొలి అన్నం సల్లుకుంట తిరుగుతరు. అది తిరిగొచ్చేదాక ఊరోళ్ళు పొలిమేర దాటొద్దు, బయటోళ్ళు లోపటికి రావద్దు. గది మా కట్టు. మీ కాలనీ అంత బయటనే గని, మీ ఇల్లు ఊరికి ఆనుకొని ఉండె. పొలి మీ గోడ పొంటే పోతది. బయటోళ్ళు ఎదురైతె మంచిగుండది. మీరు, సారు జర తాళమేసుకొని దిల్‌సుఖ్‌నగర్‌ల మార్నింగ్ షో జూసి రాండ్రి."

"టిక్కెట్లు మీరే కొనిపెడతారా?" అన్నాను.

జనార్ధన్ నవ్వాడు. నేను నవ్వలేదు. కోపం వస్తే నా ముక్కుపుటాలు ఎగురుతాయని మావారు గంగాధరరావు గారు అంటారు. ఆ క్షణంలో ఆయన హాల్లో పేపరు వెనక దాక్కున్నారు కనక, ఎగిరాయో లేదో చెప్పే దిక్కు లేదు.

నాగన్నగూడ అంటే ఎల్బీనగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డు మీద కొంత దూరం పోయి, ఎడమచేతివైపు మట్టిబాటలోకి దిగితే వచ్చే ఊరు. పొలిమేర అవతల ఆ ఊరివాళ్ళకున్న జొన్నచేలే మా కాలనీ. జనార్ధన్ వాళ్ళ నాన్న పొలం అమ్మాడు, జనార్ధన్ ఆ డబ్బుతో సిమెంటు దుకాణం పెట్టాడు, ఆ సిమెంటుతోనే మేము ఆ పొలంలో ఇల్లు కట్టుకున్నాం. ఎటు చూసినా కంకర కుప్పలూ, ఇటుక లారీలూ, కొత్త స్కూటర్లూ. ఆ హడావుడిలో ఊరి నడిబొడ్డున పాతిన బొడ్రాయి రోడ్డు ఎత్తు పెంచినప్పుడు కంకర కిందికి వెళ్ళిపోయింది. ఊరు పుట్టిన రోజున పాతిన రాయట అది. ఊరు ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు గానీ, రాయి కనబడకుండా పోయాక అన్నదమ్ములు పొలం డబ్బుల దగ్గర కొట్టుకున్నా, ఎవరి బర్రె చచ్చినా, "బొడ్రాయి మీదికెల్లి లారీలు పోతుంటె ఊరెట్ల బాగుంటది?" అనడం మొదలైంది. చివరికి రాయిని తవ్వి తీసి, మళ్ళీ నిలబెట్టి, పండగ చేయాలని పెద్దలు తీర్మానించారు.

చేసుకోనీ, నాకేం? కానీ మా ఇల్లు కట్టిన మేస్త్రీ సైదులు నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటాడు. అతను ఉండవచ్చట! సొంత ఇల్లున్న ఈ కోటేశ్వరమ్మ మాత్రం సినిమాకి పోవాలట!

అసలు నొప్పి ఇంకోటి ఉంది. అదీ చెప్పేస్తాను. మా నాన్న రైల్వే గార్డు. నేను పుట్టింది డోర్నకల్‌లో, అక్షరాలు దిద్దింది బిట్రగుంటలో, పెద్దమనిషినైంది దొనకొండలో, పెళ్ళయింది రాజమండ్రిలో. పెళ్ళయ్యాక మావారి బదిలీలు. ఎవరైనా మీది ఏ ఊరు అంటే ఆయన ఠక్కున చేబ్రోలు అంటారు. నాకు చేబ్రోలంటే మా అత్తగారి మడి తప్ప మరేం గుర్తురాదు. ఇక్కడ ఇల్లు కట్టి పాలు పొంగించిన రోజున, అమ్మయ్య, నాకూ ఒక ఊరు దొరికిందనుకున్నాను. అయిదేళ్ళయింది. ఊళ్ళో వాళ్ళు నన్ను 'విజయవాడమ్మ' అంటారు. విజయవాడలో నేను రైలు మారడం తప్ప చేసిందేమీ లేదు. పొలి తిరిగేవేళ గీతకు లోపల ఉన్నవాళ్ళే మళ్ళీ బొడ్రాయి పండగ వచ్చేదాకా ఊరివాళ్ళని బుచ్చవ్వ చెప్పింది. క్రితం పండగ ఆమె పిల్లల తల్లిగా ఉన్నప్పుడు జరిగిందట. ఇప్పుడామె ముని మనవల్ని ఎత్తుకుంటోంది. అంటే ఈసారి బయటపడితే నేను ఈ జన్మకు బయటే.

"సరే, వెళతాను. ముందు మీ ఊరు ఎక్కడిదాకా ఉందో చూపించండి," అన్నాను. "గీత ఎక్కడుందో చూశాకే తాళం సంగతి."

"గిదేందమ్మా, మీ ఎనక గోడనే," అన్నాడు జనార్ధన్.

"కాదు," అన్నాడు బక్కయ్య. "ఇంక జర ముంగటికుంటది. మా తెల్ల ఎద్దు కాలిరిగింది పొలిమేర కాడనే. అది గిక్కడ పడలే, ఇంక ముంగట పడ్డది."

"మీ ఎద్దు తాగి పడ్డదా, నువ్వు తాగి తోలినవా?" అంది బుచ్చవ్వ.

ఆ మాట మీద వాళ్ళిద్దరికీ మాటామాటా వచ్చింది. బక్కయ్య రోషంగా వీధిలోకి నడిచాడు. మేమందరం వెనకాల. సందు మూలన పిచ్చిగడ్డిలో సగం పాతుకుపోయిన రాయి ఒకటి కనబడగానే ఆయన ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గిదే! మా అయ్య నన్ను బుజం మీద కూసోబెట్టుకొని గీ రాయి కాడనే పొలి సల్లిండు," అన్నాడు.

ఇంక చూడాలి ఆ సంబరం! జనార్ధన్ పరుగెత్తి దుకాణం నుంచి కొబ్బరికాయ తెచ్చాడు. నేనే ఇంట్లోంచి పసుపూ కుంకుమా తెచ్చిచ్చాను, కోపం ఉన్నా దేవుడి దగ్గర చూపించకూడదు కదా. బక్కయ్య రాయికి నిండా పసుపు పూసి, బొట్లు పెట్టి, చెంపలేసుకున్నాడు. జనార్ధన్ కొబ్బరికాయ కొట్టాడు. దారిన పోయే ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఆగి దండం పెట్టారు. అప్పుడు మావారు పేపరు చేత్తో పట్టుకునే వచ్చి, వంగి, వేలితో పసుపు కాస్త పక్కకు తుడిచారు. లోపల నల్లరంగుతో అంకెలు కనబడ్డాయి.

"ఇది ప్లాటు నంబరండీ," అన్నారు మావారు. "వెంచర్ వేసినప్పుడు పాతిన రాయి."

అందరూ జనార్ధన్ వైపు చూశారు. ఆ వెంచర్‌కు రాళ్ళు పాతించే పని చేసింది అతనే. అతను నాలిక కరుచుకున్నాడు.

"నేనే పాతిస్తి, నేనే మొక్కితి," అన్నాడు.

బుచ్చవ్వ రోడ్డు మీదే చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. బక్కయ్య మొహం చూసి నాకు జాలేసింది, అయినా నవ్వు ఆగలేదు. చివరికి ఆయనా నవ్వాడు. దండం పెట్టిన ఆడవాళ్ళు కొబ్బరిముక్క అడిగి తీసుకుని వెళ్ళారు.

నవ్వు తగ్గాక బుచ్చవ్వ కళ్ళు తుడుచుకుంది. "రాళ్ళెందుకురా, ఒర్రె యాడబోయిందో జూడుండ్రి. ఒర్రె గదా పొలిమేర. నన్ను పెండ్లి చేసి బండిల తోలుకొస్తుంటె ఒర్రె ఒడ్డుకు ఆపిండ్రు. కొత్తకోడలు బండిల కూసోని పొలిమేర దాటొద్దంట. దిగి నీళ్ళల్ల నడువు అన్నరు. వానకాలం, మోకాలిదాక నీళ్ళు. పట్టుచీర తడిసి సలికి వణుకుతుంటె, మా ఆయన ఒడ్డు మీద నిలబడి నవ్విండు. బతుకమ్మ పండుగదాక ఆయనతోని మాట్లాడలే నేను!"

"ఒర్రె అంటే వాగా?" అన్నాను.

"వాగు గాదు, సన్నది. వానకాలమే పారుతది. డోజరు పెట్టి పూడ్సిండ్రు గద, ఇప్పుడెవలికి యాదుంటది?"

నాకు ఒక్కసారిగా సైదులు గుర్తొచ్చాడు. ప్రతి వానాకాలం హాలుకూ వంటింటికీ మధ్య ఉన్న నడవలో నేల చెమ్మగిల్లి, గోడ మోకాలెత్తున తడిసి, నాచు పడుతుంది. సైదులును పిలిచి నానా మాటలూ అంటాను. అతను రెండుసార్లు నేల తవ్వి కొత్త సిమెంటు పోశాడు. మళ్ళీ అదే తంతు.

"మీ ఒర్రె ఎక్కడికీ పోలేదు, మా నడవలో ఉంది!" అన్నాను విసురుగా. "రండి, చూద్దురుగాని. నా గచ్చంతా పాడుచేస్తోంది."

నడవ మా ఇంటిని అడ్డంగా కోస్తూ ఉంటుంది. ఒక చివర తలుపు తీస్తే సందు, ఇంకో చివర తలుపు తీస్తే పెరడు. ఎండాకాలమైనా గోడ మీద ఆకుపచ్చ మరక అలాగే ఉంది. బక్కయ్య సందువైపు తలుపు తీసి, సాగర్ రోడ్డు కింద ఎందుకు కట్టారో ఎవరికీ తెలియని పాత తూమును చూశాడు. తర్వాత పెరటివైపు తలుపు తీసి, దూరంగా ఉన్న నల్ల బండను చూశాడు. రెండు తలుపుల మధ్యా అటూ ఇటూ నడిచాడు.

"తూముకు, గీ మరకకు, గా బండకు ఒక్కటే గీత," అన్నాడు మెల్లగా. "గిదే ఒర్రె. మా ఎద్దు పడ్డది గిక్కడ్నే."

"మా నడవలోనా?" అన్నారు మావారు.

"గిక్కడ్నే సారూ."

బుచ్చవ్వ గోడ మీది మరకను చేత్తో నిమిరింది. "ఓ నీ! నువ్వు ఇంక ఉన్నవా?" అంది దానితో. చాలాకాలం కనబడని మనిషిని పలకరించినట్టే అంది.

అప్పుడు మొదలైంది అసలు చిక్కు. నడవకు అటు వంటిల్లు, పెరటి గది ఊళ్ళో ఉన్నాయి. ఇటు హాలు, వరండా, నా గులాబీ మొక్క ఊరి బయట ఉన్నాయి. మరి ఇంట్లోవాళ్ళు ఎవరు?

"పొయ్యి యాడుంది?" అని అడిగాడు బక్కయ్య.

"వంటింట్లో. ఇంకెక్కడుంటుంది?" అన్నాను.

"మరింకేంది? ఎనుకట ఊరి పండుగకు బియ్యం ఎత్తేటప్పుడు పొయ్యికింత అని ఎత్తేటోళ్ళం. పొయ్యి యాడుంటె ఆ ఊరోళ్ళే. సైదులు ఊరోడు ఎట్లయిండు మరి? పొయ్యి ఊళ్ళె ఉంది గాబట్టి."

"తాతా, వీళ్ళది గ్యాసు పొయ్యి," అన్నాడు జనార్ధన్. "గది గూడ లెక్కకొస్తదా?"

బక్కయ్య వంటింట్లోకి వెళ్ళి గ్యాసు పొయ్యి చుట్టూ తిరిగాడు. "ముట్టియ్యి బిడ్డా," అన్నాడు. ముట్టించాను. మంట మీదుగా రెండు అరచేతులూ చాపి కాచుకున్నాడు, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. "కాలుతుంది గద. పొయ్యే," అన్నాడు.

నాకు అంత కోపంలోనూ ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. కానీ జనార్ధన్ తల గోక్కున్నాడు. "నేనొక్కణ్ణి చెప్తె కాదు. ఊళ్ళె అడిగి చెప్తం," అన్నాడు. ముగ్గురూ వెళ్ళిపోయారు.

బుధవారం సాయంత్రం దాకా కబురు లేదు. నేను ఎవరినీ అడగలేదు. అడక్కుండా ఉండటానికి ఇంట్లో ఉన్న ఇత్తడి సామాను మొత్తం తోమేశాను. మావారు నన్ను చూసి, "నువ్వు తోముతున్నది బిందెనా, జనార్ధన్‌నా?" అన్నారు. దీపాల వేళకు బుచ్చవ్వ వచ్చి పెరటి గోడ అవతలి నుంచే అరిచింది. "రేపు నడవ తలుపులు రెండు తీసిపెట్టి, తానం జేసి వంటింట్లనే ఉండు. డప్పు సప్పుడు ఇనబడంగనే నడవ దాటకు. సారుకు గూడ చెప్పు." అంతే. ఊళ్ళో ఏమనుకున్నారో, ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో చెప్పలేదు. నేను ఆ రాత్రి ఎంత ఆనందంగా పడుకున్నానంటే, మావారి గురక కూడా మంగళవాద్యంలా వినిపించింది.

గురువారం తెల్లవారగానే తలంటుకుని, కొత్త నేతచీర కట్టుకుని వంటింట్లోకి చేరాను. మావారికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "ఈ ఒక్క పేజీ" అంటూ ఆయన హాల్లో కూర్చున్నారు. డప్పులు మోగాయి. "వస్తున్నా, వస్తున్నా" అంటూ పేజీ తిప్పారు. అంతే, సందువైపు తలుపులోంచి మనుషులు నడవలోకి దూసుకొచ్చారు. ముందు వేపమండలు పట్టినవాళ్ళు, మధ్యలో గంప ఎత్తుకున్న మనిషి. గంపలో మేక నెత్తురు కలిపిన అన్నం. "పొలి... పొలి..." అని కేకలు వేస్తూ దాన్ని నా మొజాయిక్ గచ్చు మీద చల్లుకుంటూ పెరట్లోకి పరుగెత్తి, బండవైపు వెళ్ళిపోయారు. నాకు చీపురు అందుకోవాలనిపించిన మాట నిజం. ఆగాను.

వెనకే వచ్చిన బక్కయ్య నడవ గుమ్మంలో స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. అప్పుడు లేచారు మావారు పేపరు మడిచి.

"ఆగు సారూ!" అన్నాడు బక్కయ్య కర్ర అడ్డం పెట్టి. "పొలి పడ్డది. ఇగ అది తిరిగొచ్చేదాక అటోళ్ళు అటే, ఇటోళ్ళు ఇటే."

"మరి నా కాఫీ?"

"ఊళ్ళెకెల్లి నీళ్ళ సుక్క గూడ బయటికి పోవద్దు సారూ."

"ఇదేం అన్యాయమయ్యా! ఇల్లు నాది, భార్య నాది, కాఫీ నాది!"

"మీకేమండీ, ఊరున్నవారు," అన్నాను వంటింట్లోంచి. "చేబ్రోలు వెళ్ళి తాగి రండి."

ఆ మాటకు పెరటి తలుపు దగ్గర నవ్వులు వినబడ్డాయి. పొలి వెళ్ళిన దారి చూడటానికి వచ్చిన ఊరి ఆడవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు. ఈ అయిదేళ్ళలో బుచ్చవ్వ తప్ప ఒక్కరు కూడా మా గడప తొక్కింది లేదు. ఇప్పుడు ఒకరి వెనక ఒకరు వంటింట్లోకి వచ్చారు. మిక్సీ చూశారు, సింకు కొళాయి తిప్పారు, నా ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసి, "గింత నూనా?" అన్నారు. కాఫీ కలిపి అందరికీ గ్లాసుల్లో పోశాను. ఆ వాసన నడవ దాటి హాల్లోకి వెళ్ళింది. దాన్ని ఆపడం బక్కయ్య వల్ల కాలేదు. మావారు కుర్చీలో కూర్చుని దీనంగా ఎగపీలుస్తుంటే, బుచ్చవ్వ ఆయనకు కనబడేలా జుర్రుమని తాగింది. "మా ఆయన ఒడ్డు మీద నిలబడి నవ్విండని చెప్పిన గద, ఇప్పుడు సమజయిందా సారూ ఎట్లుంటదో?" అంది. తాను చేసిన తప్పేమిటో పాపం మావారికి తెలియదు.

పొలి ఊరంతా చుట్టి తిరిగొచ్చేసరికి ఎండ ముదిరింది. బక్కయ్య కర్ర తీయగానే మావారు ఒక్క అంగలో ఊళ్ళోకి దూకి కాఫీ గిన్నె అందుకున్నారు.

తర్వాత బొడ్రాయికి నీళ్ళు పోయడం. ఇంటికొక బిందె. పసుపు పూసి నిలబెట్టిన రాయి చుట్టూ ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. నా ఇత్తడి బిందె చంకన పెట్టుకుని వరస చివర నిలబడ్డాను. నా వంతు వచ్చాక పోశాను. నీళ్ళు నా ముందువాళ్ళు పోసిన నీళ్ళలో కలిసి వీధి వెంట పారాయి. పిల్లలు అందులో ఎగిరి నా చీర తడిపారు. తిట్టాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ పైన ఒడిబియ్యం. ఈ పండగకు పెళ్ళయిపోయిన ఆడబిడ్డలందరినీ ఊరు పిలుచుకుంటుంది. హయత్‌నగర్ నుంచి, అల్మాస్‌గూడ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చి వేపచెట్టు నీడన చాపల మీద కూర్చున్నారు. వాళ్ళ ఒళ్ళో పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, రవికె గుడ్డ పోసి పంపుతారు. చాప చివర కాస్త ఖాళీ ఉంది. నేను వెళ్ళి అక్కడ కూర్చున్నాను. కొత్తదాన్ని కదా, చుట్టంగా చూసి నాకూ దోసెడు పోస్తారేమో. పోస్తే అదే పదివేలు అనుకున్నాను. వంటింట్లో ఉండనిచ్చారు, ఒళ్ళో బియ్యం పోస్తే ఇంకేం కావాలి? చీర కొంగు కూడా పరిచి పెట్టుకున్నాను.

బుచ్చవ్వ బియ్యం గంపతో వరస వెంట వస్తూ నన్ను చూసింది. ఆమె మొహం మాడిపోయింది.

"ఏందే, నువ్వెందుకు కూసున్నవ్?" అని అరిచింది. చుట్టూ అందరూ తిరిగి చూశారు. లేవబోతే చీర కాళ్ళకు చుట్టుకుంది.

"లే! ఊరిడిసి పోయినోళ్ళు గదా కూసునేది. నువ్వు యాడికి పోతవే? ఊళ్ళె ఉన్నదానివి పొయ్యాలె గని పోయించుకుంటవా? నా నడుములు పడిపోబట్టె, పొద్దటిసంది ఒక్కదాన్నే పోస్తున్న. పట్టు!"

గంప తెచ్చి నా చంకలో పెట్టేసింది. వెళ్ళి చెట్టు మొదట్లో కూర్చుని నడుము పట్టుకుంది.

నా ఎదురుగా జనార్ధన్ అక్క ఐలమ్మ కూర్చుని ఉంది, హయత్‌నగర్ కోడలు. నన్ను ఎప్పుడూ చూడలేదు. కొంగు పరిచి, "ఎవలింటి వదినవు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా, "ఒర్రె కాడింటామె," అంది బుచ్చవ్వ చెట్టు కింది నుంచి.

ఐలమ్మ అది చాలన్నట్టు తలూపింది. నేను దోసిలి నిండా బియ్యం తీసుకుని ఆమె ఒళ్ళో పోశాను. సగం కింద పడ్డాయి. "జర సక్కగ పొయ్యి," అని మళ్ళీ కేక. మళ్ళీ పోశాను. కుడక పెట్టాను, గుడ్డ పెట్టాను, బొట్టు పెట్టాను. ఐలమ్మ కొంగు ముడి వేసుకుని లేచి నిలబడి, "పోయొస్త వదినా," అంది.

రైలు పెట్టెలో కూర్చుని, జట్కా ఎక్కి, లారీలో సామాను పక్కన నిలబడి, ఎన్నో ఊళ్ళలో ఎందరికో నేనే ఆ మాట చెప్పాను. నాకు ఒక్కరూ చెప్పలేదు. నేను ఎక్కడైనా ఉండిపోతే కదా, ఎవరైనా నాకు చెప్పి వెళ్ళడానికి! నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ, పసుపు చేతులతోనే కళ్ళు తుడుచుకుంటూ, సిగ్గు లేకుండా ఏడ్చాను. అంత సంతోషం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు.

"మళ్ళీ రా ఐలమ్మా," అన్నాను. "మన ఊరికి తొందరగా రా."